వకీలుకు వేసిన ఓట్లు

పాతకాలపు అమెరికాలో వకీళ్లు గుర్రమెక్కి ఊరూరూ తిరిగి కేసులు వాదించేవారట. ఆ పేరుతోనే తర్వాత ఓట్లడిగి పెద్ద కుర్చీలెక్కేవారట. మా ఖమరుద్దీన్ కంపెనీ బస్సెక్కేవాడు, అంతే తేడా. నిజామాబాద్ మనిషి. చదివింది ఇంటరు, చేసేది సైట్‌లో ఇనుప చువ్వలు కట్టే పని. కానీ ఈ అరబ్బు దేశంలో, మా ఘాలా కూలీల క్యాంపులో ఎవడికి ఏ తకరారు వచ్చినా మేనేజరు ముందు నిలబడి ఉర్దూలో మాట్లాడేది అతనే. జీతం కోసినా, సెలవు ఇవ్వకున్నా, ఖమర్ భాయ్ వెనక నిలబడితే చాలు. నోరుంటే తల కాస్తుందంటారు. అతని నోరు మా అందరి తలలూ కాసింది.

ఈ వేసవికి ముందు కంపెనీ క్యాంపు కమిటీ పెట్టమంది. ప్రెసిడెంటుగా అతన్ని కాక ఇంకెవరిని ఎన్నుకుంటాం? చెన్నయ్య కూడా నిలబడ్డాడు గానీ, పాపం తన రూమ్ వాళ్ల ఓట్లే అతనికి పడలేదు.

గెలిచిన నెలలోనే ఖమరుద్దీన్ పెద్ద పని చేశాడు. మా పాత ఏసీల్లో గాలి కంటే చప్పుడే ఎక్కువ. మేనేజరుతో కూర్చుని అన్ని రూములకూ కొత్తవి ఒప్పించుకొచ్చాడు. బదులుగా, రుసైల్‌లో మేం కడుతున్న గోదాము పని అయ్యేదాకా ఎవరూ సెలవు అడగరని కమిటీ తరఫున మాటిచ్చాడు. మేం చప్పట్లు కొట్టాం. మా రూములో ఉండే లింబాద్రి కూడా కొట్టాడు.

సగం రూములకు ఏసీలు వచ్చాక లింబాద్రి తల్లి శాంతవ్వ చనిపోయింది. అతను ఒక్కడే కొడుకు. శవాన్ని ఫ్రీజర్ బాక్సులో పెట్టామని, అన్న వచ్చేదాకా ఆపుతామని చెల్లెలు సునీత ఫోన్ చేసింది. లింబాద్రి నేరుగా ఖమరుద్దీన్ దగ్గరికి పోయాడు. ఇద్దరూ ఆఫీసుకు నడిచారు. తోడుగా నేనూ పోయి గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

లింబాద్రి అలవాటు ప్రకారం ఖమర్ వెనక నిలబడ్డాడు. కానీ ప్రెసిడెంటుకు ఆఫీసులో కుర్చీ వేస్తారు. అతను పోయి మేనేజరు పక్కన కూర్చున్నాడు. ముందర లింబాద్రి ఒక్కడే మిగిలాడు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. "ప్రెసిడెంట్ సాబ్, ఆప్ బోలో," అని తీర్పు ఖమరుద్దీన్‌కే వదిలాడు. పంపమంటే పంపుతానని, మాట తప్పితే మాత్రం మిగతా ఏసీల సంగతి తనను అడగొద్దని హిందీలో చెప్పాడు.

"భాయ్, నిరుడు మన క్యాంపు ఇస్తారి వాళ్ల నాయిన పోయినప్పుడు నువ్వేమన్నవ్?" అన్నాడు లింబాద్రి. "కాంక్రీట్ రేపైనా పోయొచ్చు, తండ్రిని రెండోసారి కాల్చలేం అన్నవ్, వాణ్ని ఇంటికి పంపిచ్చినవ్. గదే మాట జెప్పు."

ఖమరుద్దీన్ కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు.

"అప్పుడు నేను ఇస్తారి మనిషిని లింబాద్రీ. ఇప్పుడు అందరి మనిషిని. ఇంకా సగం రూములు ఉడుకుతున్నయ్. నిన్ను పంపిస్తే రేపు పదిమంది వస్తరు. వాళ్లను ఏమని ఆపాలె?"

తప్పు మాటేం కాదు. అందుకే నాకు ఒళ్లు మండింది. తప్పయితే నేనైనా ఎదురు చెప్పేవాణ్ని. ప్రెసిడెంటును గెలిపించుకున్నాం గానీ, క్యాంపుకు వకీలు లేకుండా చేసుకున్నాం.

"మరి నా తరఫున ఎవరు మాట్లాడాలె?" అని లింబాద్రి అడిగాడు.

బయటికొచ్చి సునీతకు ఫోన్ కలిపాడు.

"బాక్స్ తీసేయుండ్రి. తలగొరివి నువ్వే పెట్టు చెల్లే," అన్నాడు. "ఇగ నాకోసం ఆపకుండ్రి."