మేక పడుకోవాలి

మా మామయ్య చెయ్యి వణుకుతోందని ముందు కనిపెట్టింది అత్తయ్య. ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఆయన కప్పులో టీ సగానికే పోయడం మొదలుపెట్టింది, అంతే. అది చూసి నాకు అర్థమైంది. మాకు తెలుసన్న సంగతి మామయ్యకి తెలియదనుకున్నాం.

వయసు మీద పడితే చెయ్యి వణకదా, దానికింత రాద్ధాంతమా అంటారేమో. ఆయన పని అలాంటిది మరి. ఇంటి ముందు గదిలో బొమ్మలతో సినిమాలు తీస్తాడు. బొమ్మని పిసరంత జరపాలి, ఫోటో తీయాలి. మళ్ళీ పిసరంత జరపాలి, మళ్ళీ ఫోటో. అన్నీ వరసగా ఆడిస్తే బొమ్మ దానంతటదే కదిలినట్టు ఉంటుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా తెర మీద కొండంతై కూర్చుంటుంది. చదువు అటకెక్కించి ఆయన దగ్గర చేరినప్పటి నుంచీ బొమ్మలు కట్టడం, లైట్లు సర్దడం, కెమెరా బటన్ నొక్కడం నా పని. బొమ్మని కదిపేది మాత్రం ఆయనే. చెయ్యి మారితే నడక మారిపోతుందంటాడు.

ఇలాంటప్పుడు పిల్లల ఛానెల్ వాళ్ళు ఒక మేక కథ తెచ్చారు. ఏడాది పొడుగునా పని. ఛానెల్ మేడమ్ శనివారం స్వయంగా వచ్చి, ఆయన పని చేస్తుంటే కళ్ళారా చూసి, నచ్చితే ఇస్తానంది. ఇది చెయ్యి జారితే మామయ్య ఇక బొమ్మ ముట్టడు. బొమ్మ ముట్టని మామయ్యని నేను ఊహించుకోలేకపోయాను.

అందుకని ఒక ఎత్తు వేశాను. వణుకుని కడుపులో పెట్టుకునే సరుకు ఏదో ఒకటి ఉండకపోదు కదా. మేకని దేంతో చేస్తే బాగుంటుందో అన్నీ చేసి చూద్దాం, నాకూ నేర్చుకోవాలనుంది అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎన్నడూ లేంది, నీకు నేర్చుకోవాలని బుద్ధి పుట్టిందేంటే?" అన్నాడు. అని, సరేనన్నాడు.

ముందు క్లే. ఆయన భోజనానికి లేచినప్పుడు నేనే గుట్టుగా మేకని జరిపి, ఫోటోలు తీసి, ఆడించి చూశాను. మేక బుద్ధిగానే నడిచింది. ఆ ఫోటోలన్నీ చెరిపేసి, ఏమీ ఎరగనట్టు మేకని ఆయన ముందు పెట్టాను. తర్వాత ప్రతి సరుకుతోనూ ఇలాగే చేశాను. ఆయన వేళ్ళు కుదురుగా ఆగవు, జరిపిన ప్రతిసారీ కొత్త నొక్కులు పడ్డాయి. ఆడించి చూస్తే మేక ఒంటి మీద చీమలు పాకుతున్నట్టుంది. లైట్ల వేడికి మెత్తబడిందన్నాడు మామయ్య. అవును, వేడే అన్నాను. ఇద్దరం కలిసి పాపం లైట్ల నెత్తిన రుద్దాం.

తర్వాత కాగితం. తల, కాళ్ళు విడివిడిగా కత్తిరించి గాజు పలక మీద పరిచాం. వేలితో తోస్తే చాలు, పట్టుకోనక్కర్లేదని నా ఆశ. ఒక కాలు జరపబోతే నాలుగూ చెదిరాయి. నడవాల్సిన మేక చిందులేసింది. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. తలుపులోంచి గాలి వస్తోందన్నాడు మామయ్య. తలుపు మూసే ఉంది. లేచి వెళ్ళి, తీసి, మళ్ళీ మూశాను.

ఇసుకతో కాస్త ఆశ పుట్టింది. కింద దీపం వెలిగే గాజు మీద ఇసుక పరిచి వేలితో గీయాలి. ఆయన వణుకు గీత అందంగానే వచ్చింది. ఇంతలో చెయ్యి అదిరి మేక సగం తుడిచిపెట్టుకుపోయింది. ఇసుకలో పోయింది పోయినట్టే. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పెరట్లోకి వెళ్ళి బకెట్టుని తన్నాను. బకెట్టుకేం, నా బొటనవేలే వాచింది.

చివరికి ఉన్ని. తీగతో ఎముకలు కట్టి, పైన ఉన్ని అతికించి, కాళ్ళని బల్లకి మరలతో బిగించాను. ఉన్నిని ఎవరు ముట్టుకున్నా పోగులు కాస్త చెదురుతాయి, తెర మీద అది గాలికి కదిలినట్టు ఉంటుంది. మామయ్య వణుకు అందులో కలిసిపోయింది. మేక నిలబడి, తల తిప్పి చూసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం దాన్ని మళ్ళీ మళ్ళీ ఆడించి చూశాడు.

శనివారం మేడమ్ వచ్చింది. బట్టల మీద పడిన లైటు తిరిగి బొమ్మ మీద పడకుండా నేనూ మామయ్యా ఎప్పట్లాగే నల్ల చొక్కాలు వేసుకున్నాం. ఏం చేసి చూపించమంటారని అడిగితే, మేక ఇంటికొచ్చి పడుకుని నిద్రపోవాలి అందావిడ. నిద్రపోయే మేక ఒళ్ళు కదలకూడదు. నిలబడటం చూశాను గానీ నిద్ర సంగతే నాకు తట్టలేదు.

మామయ్య మణికట్టుని బల్ల అంచుకి అదిమిపెట్టి పని చేశాడు. నేను బటన్ నొక్కుతూ పోయాను. పూర్తయ్యాక ఆడించాం. మేక ముందుకాళ్ళు మడిచింది, పడుకుంది, కళ్ళు మూసింది. ఉన్ని మాత్రం వణుకుతూనే ఉంది.

మేడమ్ మొహం కరిగిపోయింది. "పాపం, చలేస్తున్నట్టుంది. ఎంత సహజంగా ఉందో" అంది.

గండం గట్టెక్కిందనుకున్నాను.

"చలి కాదమ్మా," అన్నాడు మామయ్య. "నా చెయ్యి."

బూడిదలో పోసిన పన్నీరంటే ఇదే. వెళ్ళి ఆయన నోరు నొక్కేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

"ఇది నిద్రపోవట్లేదు, భయపడుతోంది," అన్నాడాయన. "ఏడాదంతా పిల్లలకి భయపడే మేకని చూపించలేను. ఇదిగో, ఇది నా మేనకోడలు. నా వణుకు కనిపించని సరుకు వెతకడానికి, నేర్చుకుంటానని వంక పెట్టింది. నేను నున్నగా దిద్ది భోజనానికి లేచిన క్లే మేక పొట్ట కింద దీని కొత్త వేలిముద్ర చూసినప్పుడే తెలిసింది నాకు, చాటుగా కదిపి చూస్తోందని. వెతుకుతూ వెతుకుతూ నిజంగానే నేర్చేసుకుంది. చేయించి చూడండి."

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను మేక దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు వణుకుతున్నది నా చెయ్యి. మామయ్య పక్కకి వచ్చి, ఇన్నేళ్ళూ నేను నొక్కిన బటన్ తన చేతిలోకి తీసుకున్నాడు. దాని తీగ పొడుగు, చెయ్యి వణికినా కెమెరా కదలదు.

"ఊపిరి వదిలేసి, అప్పుడు ముట్టుకో" అన్నాడు.

వదిలి, ముట్టుకున్నాను. ఆయన నొక్కాడు. మళ్ళీ జరిపాను, మళ్ళీ నొక్కాడు. ఎంతసేపు అలా చేశామో తెలియదు. ఆడించి చూస్తే మేక పడుకుంది. ఉన్ని ఒక్కసారి మెల్లగా లేచి అణిగింది. మేడమ్ ఇంకోసారి వేయమంది. చూసి, సోమవారం నుంచి మొదలుపెట్టండని మా ఇద్దరినీ కలిపి చెప్పింది.

అత్తయ్య అందరికీ టీ తెచ్చింది. మామయ్య కప్పులో ఎప్పట్లాగే సగానికి పోసి ఆపింది.

"నిండా పొయ్యి" అన్నాడాయన.

అత్తయ్య నా వైపు చూసింది. తర్వాత నిండా పోసింది. ఆయన రెండు చేతులతో కప్పు ఎత్తుకున్నాడు. టీ సాసర్లోకి ఒలికింది, నల్ల చొక్కా మీద పడింది. మేమెవరం తల తిప్పుకోలేదు. ఆయన తాగడం పూర్తి చేశాడు.