గోటికి తగిలిన తడి

శుక్రవారం సాయంత్రం చర్చిలో వేయించిన పెర్చ్ చేప తిని ఇంటికొచ్చేసరికి మాపుల్ చెట్టుకు పసుపు కాగితం అంటించి ఉంది. "మంగళవారం ఉదయం ఎనిమిదింటికి వాలు మీది నేలమొక్కలన్నీ తీసేస్తాం. పురుగు పట్టినందున తప్పడం లేదు. ఆ చోట నల్ల చెక్కపొట్టు పరుస్తాం. నివాసులు సహకరించగలరు." కింద గ్లెన్ హార్డ్‌విక్ సంతకం. మా ఇళ్ళ సంఘానికి అతనే అధ్యక్షుడు.

సహకరించడమా! నేనా! కాగితాన్ని పీకి, ఉండచుట్టి కోటు జేబులో కుక్కుకున్నాను.

ఆ వాలు మీద పాకిసాండ్ర అనే ఆ నేలమొక్కను నాటింది నేనే. పన్నెండేళ్ళ కిందట నేనిక్కడికి వచ్చినప్పుడు చెట్ల నీడలో గడ్డి పెరగక నేల బోడిగా ఉండేది. వాన పడితే చాలు, మట్టి జారి కార్ల చక్రాల కిందికి చేరేది. పెర్రీ ఊళ్ళో ముప్పై నాలుగేళ్ళు నేను పనిచేసిన నర్సరీ అదే ఏడు మూతపడింది. పారేయబోతున్న కొమ్మముక్కలు బుట్టలకెత్తి తెచ్చాను. తడి ఇసుకలో వేర్లు పట్టించి జానెడు జానెడు దూరంలో గుచ్చాను. తొంభై అడుగుల వాలు అది. మూడేళ్ళకు నేల కనపడకుండా కమ్ముకుంది. ఇప్పుడు ఎంత వాన కురిసినా మట్టి కదలదు, మంచు కరిగితే కింద పచ్చగానే ఉంటుంది.

నాకు పిల్లల్లేరు. అందుకని ఆ మొక్కలే నీ పిల్లలా ఐనో అని ఎవరైనా జాలిపడితే చెంప పగలగొడతాను. అవి నా పని. నర్సరీ ఉన్నచోట ఇప్పుడు గోడౌన్లు లేచాయి. నా చేతులు చేసినదాంట్లో ఇంకా ప్రాణంతో ఉన్నది ఈ వాలొక్కటే.

అసలు గొడవ అంతకుముందు వారం సంఘం సమావేశంలో మొదలైంది. గ్లెన్ ఒక ఆకును ప్లాస్టిక్ సంచిలో పెట్టి, హత్యకేసులో సాక్ష్యంలా పైకెత్తి చూపించాడు. ఆకు వెనక తెల్లగా, సన్నగా, కొబ్బరి కోరు చల్లినట్టు పొలుసులు.

"ఫోన్లో ఫొటో తీసి అడిగాను. పొలుసు పురుగట. బాగా ముదిరిపోయిందట," అన్నాడు.

"పురుగు పేరు సరిగ్గానే చెప్పింది నీ ఫోను. అది బతికుందో చచ్చిందో చెప్పిందా?" అన్నాను.

"తెల్లగా కళ్ళకు కనపడుతోంటే ఇంకా బతుకూ చావూ ఏంటండీ?"

ఓపిగ్గా చెప్పాను. అంటే నాకున్నంత ఓపికతో. పోయిన ఏడు పురుగు పట్టిన మాట నిజమే. ముదిరిన కాడలు కోసి సంచుల్లో కట్టి పారేశాను. మిగిలిన కాడలకు రెండువైపులా అంటుకునే టేపు చుట్టి రోజూ భూతద్దంతో చూశాను. కటాల్పా చెట్లు పూతకొచ్చిన వారంలో టేపు మీద పసుపు చుక్కలు పడ్డాయి. అవి అప్పుడే పుట్టిన పిల్లపురుగులు. పైన పెంకు ఇంకా కట్టి ఉండదు, మందు తగిలేది ఆ కొద్ది రోజులే. ఆకుల అడుగు తడిసేలా చెట్లకు కొట్టే నూనె రెండుసార్లు కొట్టాను. ఆ తర్వాత నల్లటి అక్షింతల పురుగులు దిగాయి, వీపు మీద రెండు ఎర్ర చుక్కలున్నవి. మిగిలిన పొలుసు పురుగుల్ని అవి తినేశాయి. ఈ పురుగు చచ్చినా పెంకు రాలదు. ఏడాది, రెండేళ్ళు ఆకును పట్టుకునే ఉంటుంది. మీరు చూస్తున్నవి శవాలు.

"శవాలైనా చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి కదా," అంది పదో నంబరు ఇంటి ప్యాటీ.

తీసేయాలని నాలుగు చేతులు లేచాయి. నా చెయ్యి లేవలేదు. అయిపోయింది.

మంగళవారం ఏడున్నరకే మడత కుర్చీ తీసుకెళ్ళి వాలు నడిమధ్యలో వేసుకు కూర్చున్నాను. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో భూతద్దం. మోకాలికి జనవరిలో ఆపరేషనైంది. అందుకని కుర్చీ. లేకపోతే నేల మీదే కూర్చునేదాన్ని.

ఎనిమిదింటికి లారీ వచ్చింది, దాని వెనక మట్టి తవ్వే చిన్న యంత్రం. దాన్ని నడుపుతున్న మనిషి నన్ను చూడగానే ఇంజన్ ఆపేసి టోపీ తీశాడు. ఎలెయుతేరియో! ఇరవై ఏళ్ళ కిందట నర్సరీలో నేను చూసే మొక్కల వరసలోనే పనికి చేరాడు. ఇప్పుడు సొంతంగా పనివాళ్ళను పెట్టుకున్నాడు.

"దోన్యా ఐనో! మీరేంటి ఇక్కడ?" వాళ్ళ స్పానిష్‌లో దోన్యా అంటే అమ్మగారు.

"కాపురం. నువ్వు నా కాపురం కూల్చడానికొచ్చావు."

"అయ్యయ్యో, ఈ మొక్కల పరుపు మీరు వేసిందా? నాకు ఇంటి నంబరే ఇచ్చారు గానీ పేరు చెప్పలేదు." ముఖం మాడిపోయింది పాపం.

అంతలో గ్లెన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. మామూలుగా నన్ను ఐనో గారూ అంటాడు, కోపమొస్తే ఇంటిపేరుకు దిగుతాడు.

"మిసెస్ కాంగస్, దయచేసి లేవండి. ఓటు పడింది."

"ఓటేస్తే చచ్చిన పురుగు లేచొస్తుందా? నీ బొటనవేలు ఇలా తే."

"ఏంటీ?"

"బొటనవేలు. గోరుందిగా?"

నర్సరీలో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారమంతా ఇదే పని. ఆకు తిప్పడం, పొలుసును గోటితో నొక్కి గీరడం. గోటికి తడి తగిలితే పురుగు బతికున్నట్టు, పొడిగా పొట్టులా రాలితే చచ్చినట్టు. ఫోన్లూ లేవు, ఫొటోలూ లేవు. ఎలెయుతేరియోకి నేర్పింది నేనే. మొదటి రోజు వాంతి చేసుకున్నాడు.

గ్లెన్ రెండు చేతులూ జేబుల్లో దోపుకున్నాడు. "పోనీ నువ్వు చూడు," అన్నాను ఎలెయుతేరియోతో. అతను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో అడుగూ జరుగుతూ ఆకులు తిప్పాడు. పొడి. పొడి. పొడి. కాఫీ కప్పు పట్టుకుని వచ్చిన ప్యాటీ కూడా మూతి ముడుచుకుంటూనే ఒక పొలుసు గీకింది. "ఛీ... పొడిగానే ఉందే!" అంది ఆశ్చర్యంగా.

"విన్నావా గ్లెన్? మందు కొట్టించినా, తవ్వించినా శవాల మీదే."

గ్లెన్ చరచరా వాలు చివరికి, తన గుమ్మం వైపుకు నడిచి, అక్కడి మొక్కను పిడికిట పట్టి పెరుక్కొచ్చాడు. "ఇది చూడండి మరి!"

ఎలెయుతేరియో దాన్ని తిప్పి గోరు నొక్కాడు. చేతిని ప్యాంటుకు రాసుకోబోతూ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. నేను కన్ను గీటితే చాలు, పొడి అనేసేవాడు.

మోకాలు బాగాలేక ఈ వసంతంలో ఆ చివరిదాకా నేను వెళ్ళలేదు. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్ళకుండానే అంతా బాగుందని అందరి మీదా ఎగిరాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"తడి అని గట్టిగా చెప్పు," అన్నాను.

"తడే, దోన్యా. కింద పసుపు గుడ్లున్నాయి."

గ్లెన్ ముఖం వెలిగిపోయింది. "చూశారా? నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా. ఇంక లేవండి."

లేచాను. కుర్చీ మడిచి చంకన పెట్టుకుని వాలు చివరికి కుంటుతూ నడిచాను. భూతద్దం పెట్టి ఒక్కో కాడా చూశాను. తొమ్మిది అడుగుల మేర ఉంది పురుగు, ఆ పైన లేదు. అక్కడ ఎందుకుందో తల పైకెత్తగానే తెలిసిపోయింది. గ్లెన్ గుమ్మం పక్కన, బంతిలా గుండ్రంగా కత్తిరించిన బంగారు అంచు ఆకుల యూనిమస్ పొద. కాండమంతా గోధుమరంగు చిప్పలతో గరుకెక్కి ఉంది. గీరాను. గోరంతా తడి.

"గ్లెన్, పుట్ట నీ గుమ్మంలో ఉంది. నా పరుపుకు పురుగు పెట్టింది నీ బంతి."

"అది... అది నేను స్వయంగా పెంచుకున్న పొద!"

"నేనూ స్వయంగానే పెంచాను."

ప్యాటీ దగ్గినట్టు నవ్వింది.

ఎలెయుతేరియో దగ్గర కత్తెర అడిగి తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. డాక్టరు వద్దన్న పని అదే. నొప్పి నడుము దాకా పాకింది. దోన్యా, నేను కోస్తానని అతను చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. చూడకుండా మాట్లాడింది నేను, కొయ్యాల్సింది కూడా నేనే. తొమ్మిది అడుగులూ నేలమట్టానికి కోసి ఒక్క ఆకు రాలకుండా సంచుల్లో కట్టాను. ఆ ముక్కలో కాడలు ఎంత లావుగా, ఎంత బలంగా ఉన్నాయో! కోస్తోంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఏడుస్తూనే కోశాను.

పనంతా అయ్యేసరికి పదకొండయింది. మిగతా ఎనభై ఒక్క అడుగులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. యంత్రం మళ్ళీ లారీ ఎక్కింది. బతికున్న పరుపును తవ్వడం నా వల్ల కాదు సార్, వేరేవాళ్ళను చూసుకోండి అని ఎలెయుతేరియో గ్లెన్ ముఖం మీదే చెప్పేశాడు.

గ్లెన్ ఎక్కడికీ పోలేదు. తన పొద దగ్గరే నిలబడి ఒక ఆకు తిప్పి, ఎవరూ చూడట్లేదనుకుని గోటితో గీరాడు. గోరు వంక చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత నా దగ్గరకొచ్చి, కోసిన మోళ్ళ మధ్య బోడి నేలను చూస్తూ నిలబడ్డాడు.

"మళ్ళీ వస్తే, ఐనో గారూ?"

"పురుగా? వస్తుంది. దాని పని అది."

"అప్పుడేం చేస్తారు?"

లేవడానికి అతని చెయ్యి అందుకున్నాను. చాపిన చెయ్యి కాదది, నేనే పట్టుకున్నాను, గట్టిగా, అతను తూలేంత గట్టిగా.

"నేనూ వస్తాను," అన్నాను.