పడవ దింపే పాట

"కాలరు నిలబడటం లేదే పిల్లా. మొగుడు వెయ్యిమంది ముందు నిలబడి మాట్లాడేవాడు. వాడి కాలరు వాడిన తోటకూరలా వాలిపోతే చూసేవాళ్ళేమంటారు?" అంది మా అత్తగారు మిస్ ఆడీనా, నోట్లో పైపు తియ్యకుండానే. జమైకాలో ఆడవాళ్ళంతా, పెళ్ళయినా సరే, మిస్సులే.

గంజి పలచబడిందని నాకూ తెలుసు. పాలగుండ డబ్బా అడుగంటింది. సెయింట్ విన్సెంటు నుంచి మా అక్క ఎస్లిన్ ఏడాదికి రెండుసార్లు బిస్కెట్ల రేకుడబ్బాలో నింపి పంపే పాలగుండ, మావైపు దుంపల పిండి అది. ఇక్కడివాళ్ళు వాడే కర్రపెండలం గంజితో తెల్లబట్ట కాస్త పసుపు తిరుగుతుంది. పాలగుండ పెడితే పలకలా నిలబడుతుంది. ఈ సంగతి మా ఆయన లాసెల్స్‌కి తెలియదు. మొగుడన్నవాడికి చొక్కా అలమరలో పండుతుందనే కదా నమ్మకం! ఆ చొక్కానే తొడుక్కుని, మా ఊరు మే పెన్‌లో గడియారస్తంభం దగ్గర బల్ల మీదికెక్కి, "చిన్న దీవులు మనకేం పంపుతున్నాయి? ఆకలి నోళ్ళు తప్ప!" అని అరుస్తాడు. జనం చప్పట్లు కొడతారు. పదమూడేళ్ళుగా అతని మెడని నిలబెడుతున్నది మా చిన్న దీవుల్లో పండిన దుంప.

అది అరవై ఒకటి సెప్టెంబరు. పది దీవులూ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడి మూడేళ్ళు దాటింది. అందులో జమైకా ఉండాలా, బయటికి వచ్చెయ్యాలా అని పంతొమ్మిదో తారీకున జనమంతా ఓటు వెయ్యాలి. బస్సులో అదే మాట, చర్చి మెట్ల మీద అదే మాట, చేపల బుట్టల దగ్గర అదే మాట. చక్కెర ఫ్యాక్టరీలో కార్మిక నాయకుడైన లాసెల్స్, వచ్చెయ్యాలనే పక్షానికి మా ఊళ్ళో పెద్ద గొంతు. కమిటీ మా వరండాలోనే కూర్చునేది. ఎనిమిది మంది మగవాళ్ళు, పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఉప్పుచేప, సాయంత్రం అల్లం సరబత్తు. దేశం భారం మోసేది వాళ్ళు, పళ్ళేలు మోసేది నేను. లాసెల్స్‌కి మాట వస్తుంది గాని అక్షరం కుదురుగా రాదు. పెళ్ళికి ముందు నేను బడిలో పిల్లలకి రాత నేర్పినదాన్ని. అందుకని అతని ఉపన్యాసాలన్నీ నేనే శుభ్రంగా తిరగరాసి పెట్టేదాన్ని. "చిన్న దీవుల మనుషులు" అన్న మాట నా చేత్తో ఎన్నిసార్లు రాశానో! గుండ్రంగా, తప్పుల్లేకుండా రాశాను.

మాది సెయింట్ విన్సెంటు కూడా కాదు. దాని పక్కన బెక్వే అని, చిన్న దీవికి చెల్లెల్లాంటి దీవి. మా నాన్న అక్కడ ఒడ్డున పడవలు కడతాడు. రెండేళ్ళు, మూడేళ్ళు కడతాడు ఒక్కో పడవని. చివరికి అది ఇసకలో ఇంటంత ఎత్తున నిలబడి ఉంటుంది, నీళ్ళు ముప్ఫై గజాల దూరంలో ఉంటాయి. దాన్ని లాగడానికి యంత్రమేదీ లేదు. పున్నమి పోటు చూసి రోజు పెట్టుకుంటారు. ఆ రోజు దీవిలో ఎవరూ ఇంట్లో ఉండరు. పడవ కింద దుంగలు పరిచి, ముందుకి లావుపాటి తాడు కట్టి, అందరూ ఆ తాడు పట్టుకుంటారు. అందరూ అంటే ముసలివాళ్ళు, గర్భిణులు, పాదిరిగారు, నిన్నటిదాకా మాటల్లేని పాలివాళ్ళు, అందరూ. పొయ్యి మీద కుండలు పెట్టి వదిలేసి ఆడవాళ్ళు వస్తారు. ఒకరు పాట అందుకుంటారు, తక్కినవాళ్ళు జవాబు పాడుతూ లాగుతారు. నాకు పదకొండేళ్ళు వచ్చాక పాట అందుకునేది నేనే. నా గొంతుకి ఒక పడవ కదిలేది. తాడు ఒరుసుకుని అరచేతులు మండేవి. మగచెయ్యి, ఆడచెయ్యి అని లేదు, అందరికీ ఒకేలా మండేవి. అలాంటి రోజు మళ్ళీ నా జీవితంలో రాలేదు.

ఇది లాసెల్స్‌కి చెప్పాను. పెళ్ళయిన కొత్తలో, అరూబా దీవిలో. అతను చమురు కంపెనీలో పనిచేసేవాడు, నేను డచ్చివాళ్ళ ఇంట్లో బట్టలుతికేదాన్ని. ఒక మంచం పట్టే గది. తలనొప్పితో పడుకున్న అతని తల ఒళ్ళో పెట్టుకుని చెప్పాను. పాట కూడా పాడాను. "మనిద్దరం వెళ్దాం అయాంతీ, నేనూ తాడు పడతాను," అన్నాడు. ఆ మాటకే కాబోలు నేను అతని వెంట జమైకా వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా ఒకటే జవాబు. చెరకు కోతలు అవనీ, తర్వాత చూద్దాం. తుఫానుకి పోయిన కప్పు వేసుకోనీ, తర్వాత చూద్దాం. యూనియన్ ఎన్నికలు అవనీ, అమ్మ కాలు నయం కానీ, తర్వాత చూద్దాం. పదమూడేళ్ళు 'తర్వాత'లోనే గడిచిపోయాయి. పిల్లలు పుట్టలేదు. అందుకు కూడా మా అత్తగారు, "చిన్నదీవి నేల, ఏం పండుతుందిలే," అనేది.

ఆగస్టు నెలాఖరున ఎస్లిన్ ఉత్తరం వచ్చింది. నాన్నకి డెబ్బై ఆరు. కళ్ళు మసకబారాయి. ఇప్పుడు కడుతున్నదే ఆఖరి పడవ, అక్టోబరు పున్నమికి దింపుతున్నారు. "పాట ఎవరందుకుంటారని అడిగితే, అయాంతీ వస్తుంది అంటున్నాడు. ఎవరు చెప్పినా వినడు," అని రాసింది. చదివి ఉత్తరం రవికెలో దాచుకున్నాను. అప్పుడే సమాఖ్య ఓడలు కొత్తగా తిరగడం మొదలుపెట్టాయి, కింగ్‌స్టన్ నుంచి దీవి దీవికీ ఆగుతూ. డెక్కు మీద చాప వేసుకుని కూర్చుంటే చాలు, బట్టలు కుట్టిన డబ్బుతో నేనే వెళ్ళగలను. ఓటింగు అయిన రెండోరోజు, గురువారం ఒక ఓడ ఉంది. ఆ తర్వాత జమైకా బయటికొచ్చేస్తే ఆ ఓడ మళ్ళీ ఇటు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోయారు.

లాసెల్స్‌ని అడిగాను. షూ లేసులు కట్టుకుంటున్నాడు.

"నీకు మతిపోయిందా? సమాఖ్య వద్దని ఊరూరా తిరిగి చెబుతున్నది నేను. నా పెళ్ళాం సమాఖ్య ఓడెక్కుతుందా? అవతలి పక్షం వాళ్ళు డప్పు కొట్టి చాటుతారు."

"నాన్నకి ఇదే ఆఖరి పడవ లాసెల్స్."

"ఓటింగు అవనీ. తర్వాత చూద్దాం."

ఆ సాయంత్రమే సభ. నేను, కూరగాయలమ్మే మిస్ బర్డీ, ఇంకో పదిమంది ఆడవాళ్ళు బల్ల వెనకాల పొయ్యిల దగ్గర ఉన్నాం. మేకమాంసం ఉడుకుతోంది. లాసెల్స్ గొంతు మంచి ఊపులో ఉంది. అంతలో ఉన్నట్టుండి అన్నాడు: "ఈ చిన్నదీవుల వాళ్ళ సంగతి నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసయ్యా? ఒక దీవిలో నేను పిల్లనే చేసుకున్నాను! అక్కడ ఒక్క పడవ నీళ్ళలో దించాలంటే దీవి మొత్తం తాడు పట్టుకుని లాగాలి. పాదిరి లాగాలి, ముసలమ్మ లాగాలి, కడుపుతో ఉన్నది కూడా లాగాలి! ఇప్పుడు ఆ తాడు తెచ్చి మన చేతికిస్తున్నారు. లాగరా జమైకా లాగు అని!"

జనం విరగబడి నవ్వారు. టోపీలు గాల్లోకి ఎగరేశారు. నా చేతిలో గరిటె ఉంది. అది ఒళ్ళో తల పెట్టుకున్నవాడికి చెప్పిన మాట. దాన్ని వెయ్యిమందికి విసిరాడు, ఎంగిలి విస్తరి విసిరినట్టు. నాకు కలిగింది సిగ్గు కాదు, బెంగ. ఇన్నేళ్ళుగా నాలో దాచుకున్న ఆ ఒడ్డు, ఆ ఇసక, ఇక నాది కాకుండా పోయిందనిపించింది. మిస్ బర్డీ నా వైపు చూసి, "కూర మాడుతోంది, కలపమ్మా," అంది మెల్లగా.

మర్నాటి నుంచి ఊళ్ళో నా మీద అదే ఎగతాళి. చేపలాయన తూకం వేస్తూ, "ఏం మిస్ అయాంతీ, తాడు తెచ్చావా? లాగమంటావా?" అనేవాడు. మా అత్తగారైతే నేను బావిలోంచి చేద తోడుతున్నప్పుడల్లా, "అదిగో, మా కోడలు పడవ దింపుతోంది," అని పక్కింటికి వినబడేలా చెప్పేది.

ఆ మాట అంత బాగా పేలిందని కమిటీ వాళ్ళు ప్రతి సభలోనూ అదే చెప్పమన్నారు. శనివారం చివరి సభ. శుక్రవారం నేను ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేస్తుంటే లాసెల్స్ వచ్చి పక్కన కూర్చున్నాడు. పని ఉంటే తప్ప అతను నా పక్కన కూర్చోడు.

"అయాంతీ, ఆ తాడు లాగేటప్పుడు ఒక పాట పాడతారన్నావే, ఎలా ఉంటుంది అది? రాసిపెట్టు. అది కూడా కలిపితే రేపు జనం పొట్టలు చెక్కలవుతాయి."

నేను అతని మొహంలోకి చూశాను. అందులో దుర్మార్గం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. అతనికి నిజంగానే తెలియలేదు, ఏం అడుగుతున్నాడో.

"రాస్తే అది పాటలా ఉండదు," అన్నాను.

"అయితే నువ్వే వచ్చి పాడు. ఇంకా మంచిది! చిన్నదీవి పిల్లే బల్లెక్కి పాడితే ఇక తిరుగేముంది?"

"సరే," అన్నాను. ఆ రాత్రి కూర్చుని అతని ఉపన్యాసం శుభ్రంగా రాసిచ్చాను. డబ్బా గీకి, మిగిలిన పాలగుండంతా కాలరుకే పెట్టాను.

శనివారం బల్లెక్కాను. అన్ని మొహాలు ఒక్కసారి ఎదురుగా నేనెప్పుడూ చూడలేదు. లాసెల్స్ తాడు కథ చెప్పి, "వినండి మరి, ఆ ఊరి పాట, ఆ ఊరి ఆడపిల్ల నోటే!" అన్నాడు. నవ్వడానికి ముందువరస సిద్ధంగా ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. అరచేతుల్లో తాడు ఉందనుకున్నాను. పదమూడేళ్ళుగా, "వడ్డించు, తుడువు, రాయి," అన్న మాటలకి "సరే" అనడానికే వాడిన గొంతు అది. వస్తుందో రాదో అనుకున్నాను.

"ఎవరిదీ పడవా?"

ముందువరసలో ఎవడో మేకలా అరిచాడు. నవ్వులు లేచాయి. ఈ పాటకి జవాబు లేకపోతే అర్థం లేదు. పట్టుకునేవాళ్ళు లేనిచోట తాడు విసిరినట్టు ఉంది. మళ్ళీ పాడాను.

"ఎవరిదీ పడవా?"

"మనదే! మనదే!"

వెనకాల పొయ్యిల దగ్గర నుంచి వచ్చింది జవాబు. మిస్ బర్డీ. జమైకాలో ఆడదానికి పొలం తవ్వేటప్పుడు ఒకరు పాడితే జవాబు పాడటం ఒకరు నేర్పాలా? నేను "ఎవరు లాగాలే?" అన్నాను. ఈసారి పదిమంది ఆడవాళ్ళు గరిటెలతో కుండలు కొడుతూ, "మనమే! మనమే!" అన్నారు. పక్కనున్న ఆడవాళ్ళు, చెరకు కొట్టే ఆడవాళ్ళు, బుట్టలు దించి నిలబడినవాళ్ళు అందుకున్నారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. తుడుచుకోలేదు కూడా. నాలుగు చరణాలూ పాడాను. అయ్యేసరికి ముందువరసలో ఎవరూ నవ్వడం లేదు. లాసెల్స్ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. అధ్యక్షుడు గబగబా ఇంకో వక్త పేరు పిలిచాడు.

దారంతా లాసెల్స్ నాకు ముందు విసవిసా నడిచాడు. గుమ్మంలో అన్నాడు, "నన్ను నవ్వులపాలు చేశావు."

"ఎవరు నవ్వారు లాసెల్స్?" అన్నాను.

మంగళవారం ఓటు. ఓటింగు పెట్టిన బడికి నడుస్తూ లాసెల్స్, "కాదు అన్నచోట గీత పెట్టు. గుర్తుంటుందిగా?" అన్నాడు. తెర వెనకాల ఒక బల్ల, ఒక పెన్సిలు, ఒక కాగితం. సమాఖ్యలో జమైకా ఉండాలా? అవును, కాదు. పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను. ఈ ఇంటికి వచ్చాక, "నీకేం కావాలి?" అని నన్నడిగింది ఆ కాగితమొక్కటే. అవును దగ్గర గీత పెట్టాను. మనుషులు కలిసి తాడు పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను, దాన్ని కాదనలేను. బయట లాసెల్స్ ఏం పెట్టావని అడగలేదు. నాది కూడా తన ఓటేననుకున్నాడు.

లాసెల్స్ పక్షమే గెలిచింది. బుధవారం పొద్దున వరండా నిండా మనుషులు. "ఇక మన పడవ మనదే!" అంటున్నాడొకాయన. "అయాంతీ, కాఫీ!" అని కేక. ఇచ్చాను. అదే ఆఖరుసారని వాళ్ళకి తెలియదు.

గురువారం తెల్లవారాక నా అట్టపెట్టె పట్టుకుని బయటికొచ్చాను. మిస్ బర్డీ కింగ్‌స్టన్ వెళ్ళే కూరల లారీని మా వీధి చివర ఆపించింది. మా అత్తగారు మొదటిసారి నోట్లోంచి పైపు తీసింది.

"ఎక్కడికే పిల్లా?"

"మా నాన్న పడవ దింపడానికి, మిస్ ఆడీనా."

ఆ మాటకి లాసెల్స్ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఒంటి మీద చొక్కా. గంజి లేని కాలరు రెండువైపులా వాలిపోయి ఉంది. నా పెట్టె వైపు చూశాడు, లారీ వైపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అరూబా గదిలో తలనొప్పితో పడుకున్న మనిషి మొహం ఒక్క క్షణం కనబడింది. ఆ మనిషి మీద నాకు ఇంకా బెంగ ఉంది. లేదంటే అబద్ధం.

"మళ్ళీ వస్తావు కదా?" అన్నాడు.

పెట్టె లారీలోకి అందించి, మిస్ బర్డీ చెయ్యి పట్టుకుని పైకెక్కాను.

"ముందు పడవ దిగనీ లాసెల్స్," అన్నాను. "తర్వాత చూద్దాం."