దొరసాని గోరీ

గేటు దగ్గర మొదలుపెట్టి గిడ్డంగి గోడ దాకా ఊడ్చాక, గోరీల వైపు తిరిగిన ఎల్లాజీ చేతిలో చీపురు ఆగిపోయింది. దొరసాని గోరీ ఎర్రగా ఉంది. ఇద్దరు కూలీలు సున్నం గీకేసి, చివరి పెళ్లలు తట్టలోకి ఎత్తుతున్నారు.

బట్టల వ్యాపారానికి వచ్చిన డచ్చివారు కట్టుకున్న పేట అది. వాళ్ల తరవాత ఇంగ్లీషువాళ్లు, ఆ తరవాత మేకలు. ఇప్పుడు ఉయ్యాలలు పెట్టి పార్కు చేసి, ఎల్లాజీని కాపలాకు పెట్టారు. గోరీ కింద ఎవరున్నారో బోర్డు మీద రాశారు కాని, దానికి ఏటేటా సున్నం వేసేదెవరో రాయలేదు. ఎల్లాజీ తాత వేశాడు, తండ్రి వేశాడు. వలతాడు రెండు వేళ్లు తెంపుకుపోతే చేపల వేట మానేశాక కూడా ఎల్లాజీ వేస్తూనే ఉన్నాడు. సముద్రం మీంచి చూస్తే తెల్లటి గోరీ, వెనక ఒంటితాడి ఒకే వరసలోకి వచ్చినచోటే లోతు. అటునుంచే పడవ నది మొగలోకి రావాలి. పక్కకు జరిగితే ఇసుకమేట మీద తిరగబడుతుంది. ఎర్ర దిబ్బ ముందు ఎర్ర గోరీ కనబడదు.

గాలి బాగాలేదని ఇవాళ ఎవరూ వేటకు పోలేదు. పెళ్లయి పన్నెండు రోజులైన అల్లుడు వెంకీని మాత్రం, పెళ్లాం కొంగు వదలడని తోటివాళ్లు ఆట పట్టించారు. చీకటితోనే పడవేసుకుని పోయాడు.

"ఇటుక కనబడాలని ఆర్డరు ఎల్లాజీ. రేపే ప్రారంభోత్సవం," అన్నాడు సూపర్‌వైజరు శ్రీరామ్. రాజాం కుర్రాడు, మంచివాడే. సంగతి విని వెంకీ నంబరుకు మూడుసార్లు ఫోను చేశాడు, కలవలేదు. "సున్నం వేస్తే నీ ఉద్యోగం నేను కాపాడలేను."

"ఉజ్జోగం తరవాత సూద్దారి బాబూ. పడవొచ్చీ యేళైంది."

ఇంటి గుమ్మం పక్క కుండలో సున్నం ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. కుండ ఎల్లాజీ మోశాడు, కుంచె కూతురు దేవి తెచ్చింది. కాళ్ల పారాణి ఇంకా పోలేదు, ఇసుకలో పరుగెత్తుతుంటే ఎర్రగా మెరుస్తోంది. నిచ్చెనెక్కి సముద్రం వైపు ముఖమంతా పూశాడు ఎల్లాజీ.

గోరీ తెల్లబడలేదు. తడి సున్నం నీళ్లలాగే ఉంటుంది, ఆరితేనే తెలుపు. పైన మబ్బు పట్టింది.

"అయ్యా, అదిగో పడవ," అంది దేవి. "పసుపు గుడ్డ నేనే కట్టినాను." రెండడుగులు ముందుకు వేసింది. "అటెల్తన్నాడేటి?"

పడవ ఉత్తరానికి, మేట వైపు పోతోంది.

"సేట తెచ్చీ. ఇసురు."

దేవి చేటతో విసిరింది. ఎల్లాజీ తువ్వాలుతో విసిరాడు. శ్రీరామ్ కాసేపు నిలబడి చూశాడు. తరవాత ప్రారంభోత్సవం కాగితాలున్న అట్ట ఫైలు తీసుకుని తనూ విసరడం మొదలుపెట్టాడు. చచ్చి రెండొందల ఏళ్లైన దొరసానికి ముగ్గురూ విసురుతుంటే కూలీలు నవ్వారు. మేట మీద అల విరిగిన చప్పుడుకు ఆ నవ్వు ఆగింది.

గోరీ పై అంచున ఒక చార తెల్లబడింది. చిలికిన మజ్జిగలో వెన్న తేలినట్టు, దాని కింద ఇంకొకటి. ఆ తరవాత ముఖమంతా.

పసుపు గుడ్డ ఆగింది. మెల్లగా దక్షిణానికి తిరిగి, తాడి వరసలోకి వచ్చి, మొగలోకి జారింది.

దేవి చేట అక్కడే పడేసి దిబ్బ దిగి పరుగెత్తింది.

"ఏటి మావా, ఆ యమ్మకి మళ్లీ పెళ్లి సేస్తన్నావా?" కింద నుంచి వెంకీ కేక.

"తిక్కలోడా, ముందు లంగరెయ్యి," అన్నాడు ఎల్లాజీ.

శ్రీరామ్ ఫోను మోగింది. అవతలి మాటలు వింటూ అతను తల దించుకున్నాడు. ఆ మాట అతని నోట చెప్పించడం ఎల్లాజీకి ఇష్టం లేకపోయింది. ఖాకీ చొక్కా విప్పి, మడిచి, దాని మీద విజిలు పెట్టి అందించాడు. బనియనుతో దిబ్బ దిగి, పడవ లాగడానికి వెళ్లాడు.

గోరీకి ఆనించిన తాటినార కుంచె అక్కడే ఉంది. మూడు వేళ్ల పట్టుకు అరిగిన పిడి మీద, ఒక్కో చుక్కా ఆరి తెల్లబడుతోంది.