కదలబాక అబ్బయ్యా

నేను ఒక జుట్టు కత్తిరించే చేతిమిషన్ని. కరెంటు అక్కర్లేని పాత రకం. రెండు పిడులు, మధ్యలో ఒక స్ప్రింగు, ముందు రెండు వరసల పళ్ళు. పిడి నొక్కితే పైవరస పక్కకు జరుగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. నా బతుకంతా ఇంతే. చెప్పుకోవడానికి గొప్పేమీ లేదు, అలసట మాత్రం ఉంది.

ఎక్కడో ఉత్తరాదిన ఇనుము కాల్చే ఊళ్ళో పుట్టానట. అక్కడి సంగతుల్లో వేడి ఒకటే గుర్తు. నాకు ఒళ్ళు తెలిసేసరికి కందుకూరు బజారులో ఒక కొట్టు గాజుపెట్టెలో, దువ్వెనల పక్కన పడి ఉన్నాను. గురవయ్య అనే ఆయన వచ్చి, నా పళ్ళు గోటితో తడిమి, తన ముంజేతి వెంట్రుకల మీద ఆడించి చూసుకుని, రొంటిన దోపుకుని ఊరికి నడిచిపోయాడు.

గురవయ్యకు అంగడి లేదు. ఇల్లిల్లూ తిరిగేవాడు. పెద్ద రైతు వాకిట్లో పీట వేసుకుని కూర్చుంటే, ఈయన వెనకాల గొంతుక్కూర్చుని పని చేసేవాడు. ఊళ్ళో ఎవరికీ తల వంచని మనుషులు నా కింద మెడలు వంచేవాళ్ళు. నేను చెవి దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టేవాళ్ళు. పని అయిపోగానే, మేము ముట్టుకున్నందుకు, తలమీద నీళ్ళు పోసుకుంటే గాని ఇంట్లోకి పోయేవాళ్ళు కాదు. ఇంతకుముందు మెడ అప్పగించిన మనిషే ఇప్పుడు దూరంగా నిలబడి గురవయ్య కండువాలో జొన్నలు పోయించేవాడు. ఇది నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. ఇనుముకు అర్థం కానివి చాలా ఉంటాయని ఊరుకున్నాను.

పిల్లలకి నేనంటే హడలు. వాళ్ళ తల చేతికి దొరకగానే గురవయ్య మాటలు మొదలుపెట్టేవాడు. “కదలబాక అబ్బయ్యా... ఇదిగో ఉడతొచ్చె... చెవెనకాల దూరె... ఉండుండు, పట్టుకోనీ... అయిపోయె, అయిపోయె...” ఆ మాటలకు తలా తోకా ఉండేది కాదు. కానీ మాట ఆగితే పిల్లవాడు కదులుతాడు. వాడు కదిలితే నేను వెంట్రుక తెంపను, పీకుతాను. అందుకని తల పూర్తయ్యేదాకా ఆయన నోరు ఆగేది కాదు. చివరి రోజుల్లో మనవడు మాల్యాద్రిని పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను వాడి చేతికిచ్చి ఆడించడం నేర్పాడు.

ఆయన పోయాక కొడుకు మాలకొండయ్య కందుకూరు బస్టాండు దగ్గర షాపు పెట్టాడు. తిరిగే కుర్చీలు, నిలువుటద్దాలు, కరెంటు మిషన్లు వచ్చాయి. నేను సొరుగులోకి పోయాను. సొరుగులో ఉండగానే మనవడు మాల్యాద్రి పెద్దవాడయ్యాడు. బడి సెలవుల్లో షాపులో దువ్వెన పట్టాడు, ఇంజినీరింగు చదివాడు, చివరికి స్కాట్లండులో డండీ అనే ఊళ్ళో పైచదువుకు సీటు తెచ్చుకున్నాడు. పెట్టె సర్దే రోజున మాలకొండయ్య నన్ను బయటికి తీసి, నూనె పెట్టి, బట్టల మధ్య దోపాడు.

“ఇదెందుకు నానా?” అన్నాడు మాల్యాద్రి.

“ఉండనీరా, మీ తాతది. నిన్నేమన్నా కూడు పెట్టమంటదా?” అని, కాస్త ఆగి గొంతు తగ్గించాడు మాలకొండయ్య. “అక్కడ మన తెలుగోళ్ళు అడిగితే మాత్రం షాపు సంగతి చెప్పబాక. బిజినెస్ అని చెప్పు. నేనేం అనుకోనులే.”

ఏమీ అనుకోనని అన్నవాడు చాలా అనుకునే ఆ మాట అన్నాడని మాల్యాద్రికి తెలిసింది. పెట్టె జిప్పు రెండుసార్లు లాగినా పడలేదు.

డండీలో మాల్యాద్రి తెలుగు కుర్రాళ్ళు అద్దెకున్న ఇంట్లో చేరాడు. వాళ్ళలో జయచంద్ర అని గుంటూరు వైపు కుర్రాడు పెద్దరికం చేసేవాడు. చెడ్డవాడేమీ కాదు. రాగానే వేడన్నం పెట్టాడు. పెడుతూ అడిగాడు.

“ఇంటిపేరేంటి బ్రో?”

చెప్పాడు.

“ఎప్పుడూ వినలేదే. నాన్నగారేం చేస్తారు?”

“బిజినెస్.”

“ఏం బిజినెస్?”

“చిన్నదే.”

“చిన్నదే, ఏంటని?”

“కూర బాగుంది బ్రో, ఎవరు చేశారు?” అన్నాడు మాల్యాద్రి.

ఆ పూటకి గడిచింది. కానీ అబద్ధం చెప్పినవాడు దానికి కాపలా కాయాలి. సెలవుల్లో ఏం చేసేవాడివి అన్నా, మీ ఊళ్ళో ఎవరు తెలుసు అన్నా, ప్రతి మాటా తిరిగి తిరిగి షాపు దగ్గరికే వచ్చేలా ఉంది. అందుకని అతను మాట్లాడటమే తగ్గించాడు. అడిగితే ఊఁ అనేవాడు, లేకపోతే అదీ లేదు. ఆ ఇంట్లో కుర్రాళ్ళు ఒకరి పెట్టెలు ఒకరు తెరిచి పచ్చళ్ళూ పొడులూ వెతుక్కునేవాళ్ళు. ఎవరి చేతికైనా నేను దొరుకుతానని భయపడి మాల్యాద్రి నన్ను కోటు లోపలి జేబులో వేసుకున్నాడు. అలా అతనితోపాటు నేనూ రోజూ కాలేజీకి పోయివచ్చాను. ఆ వయసులో నాకు ఆ తిరుగుడు అవసరమా అంటే, కాదు.

బస్టాపులో మోరాగ్ అనే ముసలావిడ కనపడేది. ఆవిడ పక్కన ఆంగస్ అనే కుక్క. కుక్క అనడానికి దాని మొహం ఎక్కడుందో తెలిసేది కాదు, తాడు కట్టిన బొచ్చుమూటలా ఉండేది.

“గాలి ఇవాళ సముద్రం మీంచి,” అంది ఆవిడ మొదటిరోజు, ఎవరితోనో అన్నట్టు.

“అవునండీ,” అన్నాడు మాల్యాద్రి, తనతో కాదేమోనని అటూ ఇటూ చూసి.

“నిన్న నయం.”

“నిన్న నయమండీ.”

బస్సు వచ్చింది. అంతే ముచ్చట. కానీ ఆ పూట బస్సెక్కిన మాల్యాద్రి గుండె నా మీద తేలిగ్గా కొట్టుకుంది. మా ఊళ్ళో కొత్తమనిషి కనపడితే “ఎవురి తాలూకు?” అని అడుగుతారు. జవాబును బట్టి అరుగు మీద కూర్చోబెట్టాలా, వాకిట్లోనే నిలబెట్టాలా అన్నది తేలుతుంది. ఇక్కడివాళ్ళు ఆకాశం సంగతి అడిగి ఊరుకుంటున్నారు. ఆకాశానికి ఇంటిపేరు లేదు.

రోజులు పోనుపోను అతని జవాబులు పొడుగయ్యాయి. పెద్దావిడని పేరు పెట్టి పిలవలేక “మోరాగ్ గారూ” అనేవాడు. గారు అంటే ఏమిటో ఆవిడ అడగలేదు. నచ్చినట్టే ఉంది.

“మా ఊళ్ళో ఎండకి తారు కరిగి చెప్పు రోడ్డుకి అతుక్కుపోతుంది,” అని చెప్పాడు ఒకరోజు.

“మరి చెప్పు వదిలేసి పోతారా?”

“కాలు కాలుతుంది కదండీ. అక్కడే నిలబడి ఆలోచిస్తాం.”

వరసలో నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. ఇంట్లో ఊఁ తప్ప అనని నోరు బస్టాపులో అలా పనిచేసేది.

ఒక సాయంకాలం కాలేజీ నుంచి వచ్చి, ఇంటి దగ్గరి ఆ బస్టాపులోనే దిగి మోరాగ్‌తో మాట్లాడుతూ ఉండగా, ఆంగస్ స్తంభానికి గుద్దుకుని, బెదిరి, రోడ్డు మీదికి దిగిపోయింది. బస్సు వస్తోంది. మాల్యాద్రి తాడు అందుకుని వెనక్కి గుంజాడు. మోరాగ్ వంగి కుక్కని పొదివి పట్టుకుంది.

“వాడికి కళ్ళు బాగానే ఉన్నాయి బాబూ, ఆ జుట్టే,” అంది. “కత్తెర చూస్తే కరుస్తాడు. కరెంటు మిషను మోత వింటే మంచం కింద దూరుతాడు. పశువుల డాక్టరు మత్తిచ్చి కత్తిరించాలన్నారు. ఈ వయసులో మత్తిస్తే మళ్ళీ లేస్తాడో లేడో. నాకింకెవరున్నారు?”

మాల్యాద్రి చెయ్యి జేబులోకి వచ్చింది. వేళ్ళు నా పిడి మీద బిగిశాయి, వదిలాయి, మళ్ళీ బిగిశాయి. అతను వరసలో మొహాలన్నీ చూశాడు. తెలుగు మొహం లేదు.

“నేను చేస్తానండీ,” అన్నాడు.

ఆ తడినేల మీద వాళ్ళ తాతలాగే గొంతుక్కూర్చున్నాడు. నేను తగలగానే ఆంగస్ గుర్రుమంది. అప్పుడు అతని గొంతులోంచి, ముందు బొంగురుగా, తరవాత సాఫీగా, ఆ పాతమాటలు వచ్చాయి. “కదలబాక అబ్బయ్యా... ఉడతొచ్చె... చెవెనకాల దూరె...” కుక్క చెవి ఆడించి నిలబడిపోయింది. మోతుబర్ల తలలు దిద్దిన నేను కుక్క కనుబొమలు దిద్దాను. నాకేమీ నామోషీ అనిపించలేదు. అది పని అయ్యాక దూరంగా నిలబడే జాతి కాదు.

“వాడితో ఏమంటున్నావు?” అంది మోరాగ్.

“ఉడత వచ్చిందని చెబుతున్నానండీ.”

“ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు?”

“మా తాత దగ్గర, నాన్న దగ్గర. మా ఇంటిపనే ఇది.”

“మా అమ్మ రేవులో చేపలు కోసేది,” అంది ఆవిడ. “ఇంటికి వస్తుంటే పిల్లులు వెంటపడేవి.”

ఒక కన్ను బయటపడింది. నల్లగా, తడిగా, ఆశ్చర్యంగా చూసింది. బస్సు వచ్చి ఆగింది. అందులోంచి జయచంద్ర దిగాడు.

“మాల్యా! ఏంటి బ్రో ఇది, కుక్కకి కటింగా?” అని పెద్దగా నవ్వాడు. తరవాత అతని చెయ్యి నడిచే తీరు చూశాడు. నవ్వు తగ్గింది. “ఇంత బాగా ఎక్కడ నేర్చావ్?”

మాల్యాద్రి మాట ఆగింది. మాట ఆగగానే ఆంగస్ కదిలింది, నేను పీకాను, అది కుయ్యోమంది. రెండో కన్ను ఇంకా జుట్టులోనే ఉంది. ఇక వదిలేస్తే మళ్ళీ తల చేతికివ్వదు. అతను మాట్లాడి తీరాలి.

“కదలబాక అబ్బయ్యా,” అన్నాడు కుక్కతో. తల ఎత్తకుండా, అదే గొంతుతో, అదే ఊపులో చెప్పుకుపోయాడు. “ఉడతొచ్చె... మా నాన్నది మంగలిషాపు... చెవెనకాల దూరె... కందుకూరు బస్టాండు కాడ మాలకొండయ్య షాపంటే ఎవురైనా చెప్తారు... ఉండుండు, పట్టుకోనీ... మా తాత ఇల్లిల్లూ తిరిగి చేసేవోడు... అయిపోయె, అయిపోయె...”

జయచంద్ర సంచీ భుజం మార్చుకున్నాడు.

“ఓహో. ముందే చెప్పొచ్చుగా రా,” అన్నాడు. బ్రో పోయి రా వచ్చింది. “ఇక్కడ కటింగ్‌కి ఎంత గుంజుతున్నారో తెలుసా? ఆదివారం మా అందరికీ చేసెయ్.”

“చేస్తాలే. దీని తరవాత కూర్చో. మిషను ఇదే.”

జయచంద్ర మిషన్ని చూశాడు, కుక్కని చూశాడు, సంచీ సర్దుకుని ఇంటివైపు నడిచాడు. చివరి చిక్కు గట్టిగా ఉంది. మాల్యాద్రి గట్టిగా నొక్కాడు. చిక్కు తెగింది, నా స్ప్రింగు కూడా తెగింది. ఆంగస్ రెండు కళ్ళతో మోరాగ్‌ని చూసి, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావన్నట్టు ఆవిడ మీదికి ఎగబడింది.

ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనరు కూడా. జయచంద్ర మాత్రం మాల్యాద్రి వండిన పూట బయట తిని వచ్చానంటున్నాడు. ఇంత చదివి, ఇంతదూరం ఎగిరి వచ్చి, ఆ వాకిలి ఒకటి మోసుకొచ్చారు. నాకు కోపం రాలేదు. కోపానికీ స్ప్రింగు కావాలి.

నన్నిప్పుడు వంటింటి కిటికీ గట్టు మీద పెట్టాడు, అందరికీ కనపడేలా. నాలాంటివాటికి స్ప్రింగు ఈ దేశంలో దొరకదు. మొన్న ఆదివారం అక్కడే నిలబడి ఇంటికి ఫోను చేశాడు. అవతల షాపు రద్దీగా ఉన్నట్టుంది, కత్తెర చప్పుడు వినపడుతోంది.

“నానా, తాత మిషను ఇరిగింది.”

“పోనీలేరా, పాతది. ఎట్ట ఇరిగింది?”

“పని చేశా.”

“ఎవురికి?”

“ఒక ముసలామె కుక్కకి.”

మాలకొండయ్య నవ్వాడు. “కరవలా?”

“లేదు. తాత మాటలు చెప్తా చేశా.”

ఆ నవ్వు ఆగింది. గొంతు తగ్గింది. “మనోళ్ళెవురన్నా చూశారా?”

“చూశారు.”

“మరి, ఏం చెప్పావు?”

“నీ పేరు చెప్పా నానా. షాపు యాడుందో గూడా చెప్పా.”

అవతల కత్తెర ఆగిపోయింది. కుర్చీలో మనిషి “ఏంది మాలకొండయ్యా, ఆపావు?” అన్నాడు. “ఉండన్నా,” అన్న మాట వినపడింది. అది ఆయన గొంతులా లేదు.

ఫోను ఇద్దరూ పెట్టలేదు. నాకు వేరే పని లేదు గనక నేనూ వింటూ ఉన్నాను. తరవాత, ముందు మెల్లగా, కత్తెర మళ్ళీ ఆడటం మొదలైంది.