రెండో పక్క మీది

మొదటే ఒక సంగతి చెప్పేస్తాను. ఆ పాటలు నాకు నచ్చలేదు. అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. మా ఆయన కొండలరావు వాటిని పాటలంటాడు, నేను గోల అంటాను. విసుక్కుని నేనన్న ఆ మాటనే ఆయన రబ్బరు స్టాంపు చేయించి కంపెనీకి పేరు పెట్టుకున్నాడు. గోల క్యాసెట్లు, పాత పోస్టాఫీసు దగ్గర, విశాఖపట్నం. ఇలాంటి మనిషిని తిట్టి లాభం లేదని నాకప్పుడే అర్థమైంది.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు గది రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం. వెనక గది మా కాపురం. మధ్యన తలుపు లేదు, పాత దుప్పటి ఒకటి వేలాడదీశాం. మా పుట్టింటివాళ్లది రామచంద్రపురం దగ్గర. నాన్నకి పోర్టులో ఉద్యోగం వచ్చి ఇక్కడికి చేరాం, నన్ను ఈ ఊరి మనిషికే ఇచ్చారు. మా వైపు వాళ్లు నింపాదిగా మాట్లాడతారు. ఇక్కడివాళ్లు బస్సు వెళ్లిపోతోందన్నట్టు మాట్లాడతారు. అలవాటు పడడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఎనభై మూడు ఎండాకాలంలో ఒక విదేశీ ఓడ మనిషి తన టేపురికార్డరు బాగుచేయమని తెచ్చిచ్చాడు. లోపల ఒక క్యాసెట్టు ఉంది. పని పూర్తయ్యాక మా ఆయన దాన్నే పెట్టి చూశాడు. పాట తెగ పరుగెడుతోంది. మోటారు పాడైందనుకుని మళ్లీ విప్పాడు, బెల్టు మార్చాడు. వేరే క్యాసెట్టు పెడితే మిషను చక్కగా పాడుతోంది. ఆ క్యాసెట్టు పెడితే మళ్లీ పరుగే. పొద్దంతా కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, మిషనుకి ఏ రోగమూ లేదు, వాళ్లు పాడడమే అంత. ఒక్కో పాట నిమిషం కూడా ఉండదు. నలుగురు కుర్రాళ్లు ఎవరి మీదో ఒళ్లు మండి అరుస్తున్నారు. ఓడ మనిషి మిషను పట్టుకెళ్లాడు గానీ క్యాసెట్టు మా బల్ల మీదే మరిచిపోయాడు. దాని అట్ట ఎవరో చేత్తో రాసి జిరాక్సు తీసిన కాగితం. వీళ్లకి పెద్ద కంపెనీ ఏదీ లేదు, వీళ్ల పాటలు వీళ్లే చేసుకుని వీళ్లే పంచుకున్నారు అని మా ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ మురిసిపోయాడు.

అదే వారం అప్పలసూరి తన రేడియో కోసం వచ్చాడు. చోడవరం వైపు పల్లె నుంచి వచ్చి, పోర్టులో ఒక కంట్రాక్టరు కింద సరుకు దించే కలాసీగా పని చేసేవాడు. మా ఆయనకి చుట్టరికం ఏమీ లేదు గానీ, ఈ ఊళ్లో మగవాళ్లందరూ ఒకరికొకరు బావలే కదా. గుమ్మంలో నిలబడి ఆ క్యాసెట్టు ఆసాంతం విన్నాడు.

"బావా, మా గేటు కాడ పొద్దున్నే ఇదే గోల," అన్నాడు. "కాపోతే మేం లోపల్లోపల అరుత్తాం. ఈలు పైకి అరుత్తన్నారు."

అక్కడ మొదలైంది. అప్పలసూరి అరిచేవాడు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకి వాయించే కామరాజు గిటారు తెచ్చాడు. నూకాలు అనే ఇంకో కలాసీ ఖాళీ నూనె డ్రమ్ము దొర్లించుకొచ్చాడు. నా వంటింటికి పక్కనే ఇదంతా. ఆ కంట్రాక్టరు గేటు దగ్గర మనుషుల్ని పేరుతో పిలవడు. చేతిలో ఇత్తడి బిళ్లలు, వాటి మీద నెంబర్లు. నెంబరు పిలిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. అప్పలసూరి మొదటి పాట దాని మీదే కట్టాడు.

నెంబరు కాదు, పేరు పిలు
బిళ్ల మీద లేను, నానిక్కడున్నాను
మాయమ్మ పెట్టింది, నోరారా పిలు
నా పేరు అప్పలసూరి

ఇంతే పాట. చివరి మాట దగ్గర అతని గొంతుకి మా గిన్నెలు కదిలేవి. నచ్చలేదన్నాను కదా, అయినా ఆ చివరి మాట వచ్చేసరికి నా చేతిలో గరిటె ఆగిపోయేది. ఎందుకని ఇప్పుడు అడిగినా చెప్పలేను.

మా ఆయనకి కొన్ని పట్టుదలలు ఉండేవి. ఒక్కసారే పాడాలి, తప్పు పోతే పోయినట్టే. ఏదీ కత్తిరించకూడదు. ఓడ కూత వినిపించినా, నా కుక్కరు ఈల వేసినా, పాట అయ్యాక వీళ్లు మాట్లాడుకున్నా అన్నీ అందులో ఉండాల్సిందే. కాపీలు తీసేశాక అసలు క్యాసెట్టుని దాచకూడదు, దాని మీదే తరవాతివాళ్ల పాటలు ఎక్కించాలి. ఇది మరీ పిచ్చిపనని నేను మొత్తుకున్నాను. వింటేగా. అన్నిటికంటే పెద్ద పట్టుదల ఇంకొకటి. క్యాసెట్టుకి ఒక పక్కే పాటలు. రెండో పక్క ఖాళీ. అట్ట మీద ఇలా రాయించాడు: రెండో పక్క మీది, మీ గోల మీరు చెయ్యండి.

క్యాసెట్టు పైఅంచున ఆ మూలొకటి ఈ మూలొకటి చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. రేకు విరిచేస్తే ఆ పక్క ఇంక రికార్డు బటను దిగదు, ఉన్న పాట చెరగదు. మా ఆయన పాటలున్న పక్క రేకు విరిచి, ఖాళీ పక్క రేకు ఉంచాలి. కాపీలన్నీ ముందేసుకుని స్క్రూడ్రైవరుతో టకటకా ఆయనే విరిచాడు. అవి టీ బడ్డీల్లో, బస్సు డిపోలో, చేపలరేవులో, తగరపువలస సంతలో ఎక్కడెక్కడికో వెళ్లాయి. కొన్నాళ్లకి ఒకరిద్దరు వచ్చి రెండో పక్క రికార్డు కావడం లేదని చెప్పారు. మా ఆయన వాళ్ల మిషన్లు తెప్పించి విప్పి, దీనికేం కాలేదు, నీకే నొక్కడం రాదని పంపేశాడు.

తరవాత ఇంకొందరు వచ్చి పాడారు, వాళ్ల క్యాసెట్లూ వెళ్లాయి. ఎనభై ఏడులో మా ఆయనకి స్టీలుప్లాంటులో కరెంటు పని దొరికింది. గోల ఆగిపోయింది. దుకాణంలో నేను కూర్చుని, అడిగినవాళ్లకి సినిమా పాటలు ఎక్కించి ఇచ్చేదాన్ని. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాను కూడా.

మరుసటేడు అప్పలసూరి భార్య చిలకమ్మ వచ్చింది. అప్పటికి రెండేళ్ల కిందటే అతని గొంతులో గడ్డ లేచి ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. పెదాలు కదిపితే గాలి వస్తుంది, దగ్గరకెళ్లి చెవి పెడితే మాట తెలుస్తుంది. వాళ్ల కూతురు గంగాలు ఆపరేషను నాటికి ఇంకా మాటలు నేర్వని పిల్ల. తండ్రి గొంతు దానికి గుర్తులేదు. చిలకమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడి చెప్పింది.

"అక్కా, 'మా నాన్నకి మాట రాదు' అని మా గుంట గంగాలు ఈదంతా సెప్పుకు తిరుగుతంది. ఆయన ఇన్నాడు. ఆ రోజు కూడు ముట్టనేదు. ఆ కేసెట్టు ఒకటుంటే ఇయ్యక్కా. వాల్ల నాన్నకి గొంతుండీదని గుంట ఒకపాలి ఇనాల."

దానికేం భాగ్యం, ఇప్పుడే ఇస్తాను అన్నాను. బీరువాలు వెతికాను, మంచం కింద అట్టపెట్టెలు వెతికాను. మా దగ్గర ఒక్కటీ లేదు. అసలు క్యాసెట్టు ఎప్పుడో చెరిగిపోయింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనని అడిగాను.

"పోతే పోనీయే. పాట అరిసినప్పుడే అయిపోనాది. దాసుకోడానికి అదేటి, ఆవకాయా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నీ సిద్ధాంతం ఆ పిల్లకి వెళ్లి చెప్పమన్నాను. అన్నం కంచం ఆయన ముందు ఠక్కున పెట్టాను.

ఆ క్యాసెట్లు కొన్నవాళ్లలో చాలామందిని నేనెరుగుదును. చిలకమ్మా నేనూ సిటీ బస్సెక్కి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాం. పోర్టు గేటు దగ్గర టీ బడ్డీ వీర్రాజు క్యాసెట్టు భద్రంగా దాచుకున్నాడు, గుడ్డలో చుట్టి మరీ ఇచ్చాడు. దుకాణానికి తెచ్చి పెట్టాం. పాట వచ్చింది. నెంబరు కాదు, పేరు పిలు. చిలకమ్మ నా చెయ్యి పట్టుకుంది. గొంతు మాత్రం వేరే. చివరికి వచ్చేసరికి, నా పేరు వీర్రాజు అని వినపడింది. మేం వెంటనే ఆపేశాం.

మిగతావాటిదీ అదే కథ. డిపోలో ఒక కండక్టరు తన పేరు పెట్టుకుని అరిచాడు. తగరపువలసలో జనపనార మిల్లుకి వెళ్లే ఆడవాళ్లు ఏకంగా గుంపుగా పాడారు. నా పేరు సన్యాసమ్మ, నా పేరు వరహాలమ్మ, నా పేరు నారాయణమ్మ అని ఒకరి మీద ఒకరు పడి అరుపులు, మధ్యలో నవ్వులు. అందరూ మొదటి పక్కనే, అప్పలసూరి పాట మీదే వాళ్ల పాట ఎక్కించేశారు. ఇదేం పని అని నేను గట్టిగానే అడిగాను. రెండో పక్క బటను దిగలేదమ్మా, ఈ పక్క దిగింది, మీరే కదా చెయ్యమని రాశారు అన్నారు. పైగా పాట మాకు నోటికి వచ్చేసింది, ఇంక క్యాసెట్టులో ఎందుకు అనుకున్నాం అన్నారు.

అప్పుడు క్యాసెట్టుని వెలుగులో పెట్టి చూశాను. మొదటి పక్క మన వైపు ఉంచి పట్టుకుంటే ఎడమ మూల రేకు విరిగి ఉండాలి. ఎడమది నిక్షేపంలా ఉంది, కుడిది విరిగింది. అన్నిటికీ అంతే. ఊళ్లో మిషన్లన్నీ బాగుచేసే మనిషి, ఒక్క మూల సరిగ్గా చూసుకోలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర క్యాసెట్టు ఆయన కంచం పక్కన పెట్టాను. తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. నొక్కడం రాదని తాను వెనక్కి పంపినవాళ్లు గుర్తొచ్చి ఉంటారు. కంచం పక్కకి జరిపి నన్ను అడిగాడు, "ఆల్ల పాట అయ్యాక కూడా తిప్పి ఇన్నారా, ఆపేసేరా?"

ఆపేశామన్నాను.

"కొసదాకా ఇనాల. ఆల్లు ఎంతమేర అరిసేరో అంతవరకే సెరుగుతాది. తరవాత మనది మిగిలుంటాది."

మర్నాడు ఆయన సెలవు పెట్టి మేం తెచ్చిన క్యాసెట్లన్నీ కొసదాకా విన్నాడు. చాలామంది ఒక పాటతో ఆగలేదు, పిల్లల ఎక్కాలూ భజనలూ పెళ్లి మేళాలూ ఎక్కించుకుంటూ పోయారు. ఏమీ మిగల్లేదు. ఇంక మిగిలింది చేపలరేవులో మంగాయమ్మ క్యాసెట్టు. ఆమె ఇంట్లో లేకపోవడం వల్ల మాకు దొరకలేదు. ఆయనే సైకిలు మీద వెళ్లి తెచ్చాడు. అది వింటున్నప్పుడు నేను వెనక గదిలో ఉన్నాను. ముందు గదిలోంచి ఆయన నా పేరు పిలిచాడు. ఆదివారం వాళ్లని రమ్మని కబురు పెట్టమన్నాడు.

ఆదివారం పొద్దున్న ముగ్గురూ వచ్చారు. అప్పలసూరి బాగా చిక్కిపోయాడు, మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు. గంగాలు వచ్చీ రావడంతోనే స్క్రూల డబ్బా ఒలకబోసింది. మా ఆయన జరిగిందంతా దాచకుండా చెప్పాడు. రేకు తప్పు విరిచానని, ఆ పాట ఇంక ఎక్కడా లేదని, తప్పు నాదేనని. అప్పలసూరి తల ఊపాడు. ఊళ్లోవాళ్లు ఎక్కించినవే వినిపించమని చేత్తో సైగ చేశాడు.

వీర్రాజుది పెట్టాం, కండక్టరుది పెట్టాం, మిల్లు ఆడవాళ్లది పెట్టాం. నా పేరు, నా పేరు, నా పేరు అని ఊరంతా వచ్చి దుకాణంలో అరిచినట్టుంది. అప్పలసూరి తల వంచుకుని విన్నాడు. కాసేపటికి అతని పిడికిలి బల్ల మీద నూకాలు డ్రమ్ము దెబ్బ వేయడం మొదలుపెట్టింది. అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నాకూ ఆగలేదు. నాకు నచ్చని పాటకి నేను ఏడ్చాను, ఇందులో దాచేదేముంది.

తరవాత మా ఆయన మంగాయమ్మ క్యాసెట్టు పెట్టి ముందుకి తిప్పాడు. ఆమె గోల అయిపోయింది. టక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటనే మా పాత గది. డ్రమ్ము మోత ఆగుతోంది. ఎవరో రొప్పుతున్నారు. నా కుక్కరు ఈల వేసింది. అప్పుడు ఒక గొంతు, బరువైనది, నవ్వుతున్నది, మా నలుగురికీ బాగా తెలిసినది.

"అయిపోనాదా బావా? కాసిన్ని మంచినీల్లు ఇయ్యి. నాగమణి అక్క తిడతాది కావాల, పొద్దున్న కాన్నుంచి ఒకటే గోల."

వెనకనుంచి నా గొంతు, దూరంగా: "తిడతాను. ముందు తాగండి."

అతను నవ్వాడు. అంతే, టేపు అయిపోయింది. ఏదీ కత్తిరించకూడదన్న ఆయన పిచ్చిలో మిగిలింది ఆ కాస్తే.

చిలకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గంగాలు స్క్రూలు వదిలేసి టేపురికార్డరు దగ్గరికి వచ్చింది. మళ్లీ పెట్టమంది. పెట్టాం. మూడోసారి పెట్టమంది. అప్పుడు తండ్రి మోకాళ్ల మీద చేతులేసి అడిగింది.

"నాన్నా, ఎవులది?"

అప్పలసూరి వంగి దాని చెవి దగ్గర నోరు పెట్టాడు. గదిలో చప్పుడు లేదు కాబట్టి మాకూ వినపడింది.

"నానే."

పిల్ల అతని మెడ మీది తువ్వాలు పక్కకి జరిపి, ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టింది.

క్యాసెట్టు బయటికి తీశాను. మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని చెయ్యి చాచాడు. క్యాసెట్టు ఇవ్వలేదు, స్క్రూడ్రైవరే లాక్కున్నాను. మొదటి పక్క నా వైపు తిప్పుకుని, సరిచూసుకుని, ఎడమ మూల రేకు నేనే విరిచాను.