కొలత తప్పిన ఫొటో

ఇంట్లో అతన్ని మేధావి అంటారు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదు. పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. పొద్దస్తమానం ఎదుటివాళ్ళ ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి పెడుతూ, ఇది స్పష్టంగా ఉందా, అది స్పష్టంగా ఉందా అని అడగడమే ఉద్యోగం. అడిగీ అడిగీ, లోకంలో అన్నీ సరిగ్గా కనిపించేది తన ఒక్కడికేనన్న నమ్మకం కుదిరిపోయింది పాపం.

అలాంటివాడికి పాత సామాన్లు అమ్మేచోట అరచేతిలో ఇమిడే ఫిలిం కెమెరా ఒకటి కనబడింది. ఇక కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. ఆ కెమెరా దానంతటది ఏదీ చూసుకోదు. లెన్సు చుట్టూ తిరిగే పట్టీ మీద దగ్గరికి ఒక తల బొమ్మ, కాస్త దూరానికి ముగ్గురు మనుషుల బొమ్మ, బాగా దూరానికి ఒక కొండ బొమ్మ ఉంటాయి. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో మనమే అంచనా వేసి తిప్పుకోవాలి. తప్పు తిప్పితే ఫొటో మసకబారుతుంది, చూసే కంతలోంచి మాత్రం అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. ఆ సంగతి అమ్మినవాడు విడమరిచి చెబుతూనే ఉన్నాడు. మేధావి తల ఊపాడే గాని వినలేదు.

ఆ వారంలోనే అమ్మ పుట్టినరోజు. అందరూ పెద్దక్క ఇంట్లో చేరారు. అమ్మ ఉండేది అక్కడే. నాన్న పోయాక కుట్టుమిషను తొక్కి వీణ్ణీ, చిన్నక్కనీ పైకి తెచ్చిన మనిషి పెద్దక్క. మిషను ఇప్పటికీ ముందుగదిలోనే ఉంది. దాని పక్కన కూర్చుని ఆవిడ మర్నాటికి ఇవ్వాల్సిన బడిపిల్లల చొక్కాలకి కాజాలు కుడుతోంది.

మేధావి ముందుగా అందరి ఫోన్లూ లోపల పెట్టించాడు. ఫోనుతో ఎవడైనా తీస్తాడని, ఫొటో తియ్యడానికి చెయ్యీ కన్నూ ఉండాలని ఉపన్యాసమిచ్చాడు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, చిన్నక్కనీ, బావనీ, వాళ్ళ అమ్మాయినీ చుట్టూ నిలబెట్టాడు. తర్వాత మిషను వైపు చూసి, "అక్కా, నువ్వు కొంచెం వెనక్కి జరుగు. ఆ గుడ్డలన్నీ ఫొటోలో పడుతున్నాయి" అన్నాడు. ఆవిడ చొక్కాలు చేత పట్టుకుని పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఒకటి తీశాక నువ్వూ రా అక్కా అందామనే అనుకున్నాడు. తీయడంలో పడి మరిచిపోయాడు.

గది ఇరుకు. గోడకి ఆనుకుని నిలబడ్డా అమ్మ మూడు అడుగుల దూరంలోనే ఉంది. మన మేధావి దూరం సంగతి ఆలోచించలేదు. మనుషులు ముగ్గురికి పైనే ఉన్నారు గదా అని పట్టీని ముగ్గురి బొమ్మ దగ్గర పెట్టాడు. రీలు అయిపోయేదాకా దాన్ని ముట్టుకోలేదు.

రీలు కడిగించి, తను కూడా చూడకుండా, అంటించిన కవరు అలాగే పెద్దక్క ఇంటికి తెచ్చి అందరి ముందూ విప్పాడు. అక్కడే అయింది పెళ్ళి. అమ్మ ముఖం ఆవిరి పట్టిన అద్దంలో ముఖంలా ఉంది. చిన్నక్కకి కళ్ళేవో ముక్కేదో తెలియలేదు. బావ ఒక్కో ఫొటో ఎత్తి చూపిస్తూ, వీటిని చూడ్డానికి మీ కొట్లో కళ్ళజోడేమైనా దొరుకుతుందా అని అడిగాడు. అమ్మ కూడా నవ్వింది. మేధావి ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ అమ్మినవాడు పనికిరాని లెన్సు అంటగట్టాడని గొణిగాడు.

అప్పుడు చిన్నక్క కూతురు అంది, "పెద్దమ్మ ఒక్కతే బాగా పడింది."

అందరూ మళ్ళీ చూశారు. నిజమే. మసక తలల మధ్యలోంచి, గుమ్మం వెలుతుర్లో, పెద్దక్క చేతిలో సూదితో సహా తేటగా ఉంది. ప్రతి ఫొటోలోనూ ఉంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. చెవులకి ముత్యాల కమ్మలు పెట్టుకుంది. ఆ కమ్మలు ఆవిడ పెట్టుకుందన్న సంగతి ఆ రోజు ఎవరి కంటా పడలేదు. చివరి ఫొటోలో కుట్టు ఆపేసి, కెమెరా వైపే చూస్తోంది. అది పిలుపు కోసం కాచుకున్న చూపని మేధావికి చూడగానే తెలిసింది. తల కొట్టేసినట్టయింది.

పెద్దక్క మాత్రం ఆ ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసుకుంది.

"వెనక్కి జరగమన్నావని లోపల కొంచెం కష్టపెట్టుకున్నానురా. నన్ను విడిగా తియ్యడానికా?"

బావ నవ్వు ఆగిపోయింది. వాడికి అక్కంటే ప్రాణం, ఎవరికీ తెలియదు గాని, అంది అమ్మ. కాదు అనడానికి అదే సమయం. మేధావి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఊరుకుంటే పోయేది, చిన్నగా నవ్వాడు కూడా.

ఆ ఫొటో మిషను ఎదురుగా గోడకెక్కింది. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా పెద్దక్క దాన్ని చూపించేది. మా తమ్ముడు నాకు తెలియకుండా తీశాడండీ, వాడికి నేనంటే అంత ఇది, అనేది. ఒకసారి అతని ముందే అంది. బట్టలు తీసుకోవడానికి వచ్చినావిడ అతని వైపు గౌరవంగా చూసింది. ఆ చూపు కన్నా బావ వెటకారమే నయమనిపించింది. ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్ళడానికి అతనికి ముఖం చెల్లలేదు. ఏదో పని ఉందని తప్పించుకున్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం కొత్త రీలు వేసుకుని వెళ్ళాడు. ఒక్కటైనా నిజంగా ఆవిడ కోసమే తియ్యాలని అతని తాపత్రయం. అమ్మ లోపల నిద్రపోతోంది. పెద్దక్క మెడలో ఉన్న కొలతల టేపు అడిగి తీసుకుని, ఒక కొస ఆవిడ చెంప దగ్గర పట్టుకోమని, రెండో కొస కెమెరా దగ్గరికి లాగాడు. ఆవిడకి నవ్వొచ్చింది.

"ఎందుకురా ఇదంతా?"

"దూరం కొలవాలక్కా. లేకపోతే ఒకళ్ళని తీద్దామని తిప్పితే ఇంకొకళ్ళు తేటగా పడతారు."

అనేశాక గాని ఏమన్నాడో అతనికే తెలియలేదు. పెద్దక్క కళ్ళు గోడ మీదికి వెళ్ళాయి. టేపు కొస ఇంకా చెంప దగ్గరే ఉంది.

"ఆ రోజు టేపు లేదు కదరా," అంది మెల్లగా.

అబద్ధాలు చాలానే తోచాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"లేదక్కా. పట్టీని అమ్మకి సరిపోయేలా పెట్టాననుకున్నాను. నిన్ను జరగమన్నది గుడ్డలు పడతాయనే. తర్వాత పిలవడం మరిచిపోయాను."

పెద్దక్క టేపుని వేళ్ళకి చుట్టుకుంది. తిడితే బాగుండుననుకున్నాడు అతను.

"పిలుస్తావని కమ్మలు కూడా పెట్టుకున్నాను," అంది. తర్వాత లేచి, "సరే, ఉండు. ఈసారి చెప్పి తీస్తున్నావుగా. ముఖం కడుక్కుని వస్తాను" అని పెరట్లోకి వెళ్ళింది.

అతను కెమెరా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పట్టీని తల బొమ్మ దగ్గరికి తిప్పాడు. పెరట్లో కుళాయి తిప్పిన చప్పుడైంది. ఆవిడ ముఖం కడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.